కిలోల లెక్క, మనుషుల లెక్క

మత్తుమందుల వార్త మన పత్రికల్లో ఎప్పుడూ కిలోల్లోనే వస్తుంది. ఫలానా టోల్‌గేటు దగ్గర లారీలో ఇన్ని వందల కిలోల గంజాయి, ఫలానా అపార్ట్‌మెంటులో ఇన్ని గ్రాముల ఎండీఎంఏ. బల్ల మీద ప్యాకెట్లు, వెనక ముసుగులు వేసిన మొహాలు, ఇరుపక్కలా పోలీసులు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట కుప్పపోసి తగలబెట్టారు. ఆ పొగ ఫొటోలు దేశమంతా చూసింది.

ఈ కిలోల లెక్క అబద్ధమూ కాదు, అనవసరమూ కాదు. కాకపోతే అది సగం లెక్కే. ఆ సరుకుకి అలవాటుపడ్డ కుర్రాడు మర్నాడు పొద్దున్న లేచి ఏం చేశాడన్నది అందులో ఉండదు. మానేశాడా, ఇంకో మత్తు వెతుక్కున్నాడా, ఆసుపత్రికి వెళ్లాడా, అసలు బతికున్నాడా?

ఈ రెండో సగాన్ని లెక్కపెట్టడానికి పూనుకున్న ఊరొకటి జర్మనీ నైరుతి మూలన ఉంది. పేరు కార్ల్స్‌రూహె. 1715లో కట్టిన కోట నడిమధ్య నుంచి వీధులు విసనకర్ర ఈనెల్లా విచ్చుకునే ఊరు. జనాభా 3 లక్షల పైచిలుకు. 2011 జనగణన లెక్కల్లో మన నిజామాబాద్ ఎంతో, దాదాపు అంతే. దేశ రాజధాని కాకపోయినా జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానమూ, సివిల్, క్రిమినల్ కేసుల అత్యున్నత న్యాయస్థానమూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. మత్తు విషయంలో ఇక్కడ పాతికేళ్లలో మూడు సంగతులు జరిగాయి. 1994లో ఒక తీర్పు, 2002లో ఒక వైద్య ప్రయోగం, 2019లో ఒక గది. మూడింట్లోనూ చూపు సరుకు మీద నుంచి మనిషి మీదికి మళ్లింది.

1.12 గ్రాములు

రిమాండులో ఉన్న భర్తను చూడబోయిన ఒక భార్య అతనికి 1.12 గ్రాముల హషీష్ (గంజాయి బంక) అందించింది. లూబెక్ అనే ఉత్తరాది ఊళ్లో మొదలైన ఈ కేసు చివరికి కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానానికి చేరింది. సారా, బీరు తాగే హక్కున్న దేశంలో హషీష్‌కి శిక్ష వేయడం సమానత్వానికి విరుద్ధం కాదా అన్నది కింది కోర్టు న్యాయమూర్తి లేవనెత్తిన ప్రశ్న.

1994 మార్చి 9న తీర్పు వచ్చింది. అది ఏ ఒక్క పక్షాన్నీ పూర్తిగా సంతోషపెట్టలేదు. మత్తెక్కించుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేమీ కాదనీ, నిషేధం చెల్లుతుందనీ కోర్టు అంది. అదే తీర్పులో, ఎప్పుడో ఒకసారి సొంతానికి వాడుకునేందుకు కొద్దిపాటి సరుకు దగ్గరుంచుకున్నవాడి వల్ల ఇతరులకు ప్రమాదం లేనప్పుడు సాధారణంగా కేసు నడపకూడదనీ చెప్పింది. అమ్మేవాడు వేరు, వాడేవాడు వేరు అన్న గీత అక్కడ గట్టిగా పడింది.

అప్పటికే జర్మనీ చట్టంలో ఇంకో దారి కూడా ఉంది. 1982 నుంచి అమల్లో ఉన్న ‘శిక్షకు బదులు చికిత్స’ పద్ధతి అది. వ్యసనం వల్లే నేరం చేసినవాడికి పడ్డ శిక్ష రెండేళ్లకు మించకపోతే, చికిత్సకు వెళ్తానంటే శిక్ష అమలును ఆపవచ్చు. గుర్తింపు ఉన్న కేంద్రంలో గడిపిన కాలాన్ని, శిక్షలో మూడింట రెండు వంతుల వరకు, జైలు కాలంగానే జమకట్టవచ్చు.

తీర్పు వచ్చిన 30 ఏళ్లకు, 2024 ఏప్రిల్ 1న జర్మనీ గంజాయి చట్టాన్నే మార్చింది. 18 ఏళ్లు నిండినవాళ్లు బయట 25 గ్రాములు, ఇంట్లో 50 గ్రాములు, 3 మొక్కల వరకు ఉంచుకోవచ్చు. కార్ల్స్‌రూహెలోని కేఐటీలోనో మరో విశ్వవిద్యాలయంలోనో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలు ఈ అంకెలతోపాటు వాటి అంచులు కూడా తెలుసుకోవాలి. 18 నుంచి 21 ఏళ్ల వయసువాళ్లకు క్లబ్బుల్లో నెలకు 30 గ్రాములే ఇస్తారు, అదీ ఘాటు తక్కువది. ఎదిగే మెదడు మీద గంజాయి దెబ్బ ఎక్కువన్న భయమే ఆ నిబంధనకు మూలం. విమానం ఎక్కితే ఆ చట్టం వెంట రాదు. శంషాబాద్‌లో దిగేసరికి వర్తించేది మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమే.

1,015 మంది

రెండో సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. హెరాయిన్ అన్న పేరు పుట్టింది జర్మనీలోనే. బాయర్ కంపెనీ 1898లో దాన్ని దగ్గు మందుగా బజారులోకి తెచ్చింది. హెరాయిన్ అలవాటుకు విరుగుడుగా ఇప్పుడు ప్రపంచమంతా వాడే మెథడోన్ కూడా 1930ల చివర్లో జర్మనీ ప్రయోగశాలలోనే తయారైంది. రెండూ నల్లమందు తరహాలోనే పనిచేస్తాయి. ఒక శతాబ్దం గడిచాక ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచే పని ఆ దేశం మీదే పడింది.

వైద్యం చేతులెత్తేసిన రోగులు అప్పటికి వేలల్లో ఉన్నారు. మెథడోన్ ఇస్తున్నా వీధి హెరాయిన్ మానలేనివాళ్లు కొందరు, ఏ చికిత్స గడపా తొక్కనివాళ్లు ఇంకొందరు. వీళ్ల కోసం 2002లో 7 నగరాల్లో ప్రయోగం మొదలుపెట్టారు. హాంబుర్గ్, హానోవర్, ఫ్రాంక్‌ఫర్ట్, బాన్, కొలోన్, మ్యూనిక్‌ల సరసన కార్ల్స్‌రూహె చేరింది. మొత్తం 1,015 మందిని చీటీ పద్ధతిలో రెండుగా విడదీశారు. 515 మందికి ఆసుపత్రిలో, నర్సు కళ్ల ముందు, కొలిచిన మోతాదులో స్వచ్ఛమైన హెరాయిన్. వైద్యులు దాన్ని డయామార్ఫిన్ అంటారు. మిగిలిన 500 మందికి మెథడోన్. రెండు వర్గాలకీ కౌన్సెలింగ్ మామూలే.

హెరాయిన్ అలవాటున్నవాడికి హెరాయినే ఇవ్వడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. వీధిలో ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూస్తే సంగతి తెలుస్తుంది. పొద్దున్న ఒళ్లు నొప్పులు, చెమటలు, వాంతులతో మెలకువ. డబ్బుకోసం అప్పో, దొంగతనమో, ఒళ్లమ్ముకోవడమో. కొన్నదాంట్లో సరుకెంతో, కల్తీ ఎంతో తెలియదు. సూది ఎవరిదో తెలియదు. సాయంత్రానికి మళ్లీ మొదటికి. క్లినిక్‌లో మోతాదు ఖాయం, వేళ ఖాయం, సూది కొత్తది. పరుగు ఆగుతుంది. ఆగినప్పుడే పుండు చూపించుకోవడానికీ, అద్దె ఇల్లు వెతుక్కోవడానికీ, కూతురికి ఫోన్ చేయడానికీ తీరిక చిక్కుతుంది.

ఏడాది తర్వాత ఫలితాలివి. ఆరోగ్యం మెరుగుపడినవాళ్లు హెరాయిన్ వర్గంలో 100కి 80 మంది, మెథడోన్ వర్గంలో 74. వీధి సరుకు వాడకం చెప్పుకోదగ్గంతగా తగ్గినవాళ్లు 69 మంది, 55 మంది. ఏడాది చివరి దాకా చికిత్సలో నిలిచినవాళ్లు హెరాయిన్ వర్గంలో 67 శాతం, మెథడోన్ వర్గంలో 40 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ‘మెరుగుపడ్డారు’ అంటే ‘మానేశారు’ అని కాదు. ఒంట్లోనో మనసులోనో కొలవదగ్గ మార్పు వచ్చిందనే. చికిత్సలో నిలిచినవాళ్ల తేడా అంత పెద్దగా కనిపించడానికి కారణం మందొక్కటే కాదు. చీటీలో మెథడోన్ వచ్చిందని నిరాశపడి మొదటిరోజే వెనుదిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు ఆశ్చర్యపడాల్సింది 80 దగ్గర కాదు, 74 దగ్గర. అన్ని చికిత్సలూ ఓడిపోయాయని అందరూ వదిలేసుకున్న మనుషుల్లో, పాత మందే ఇచ్చినా, క్రమం తప్పకుండా పిలిచి పలకరిస్తే 100కి 74 మంది కొంత తేరుకున్నారు.

ప్రయోగం ముగిశాక పార్లమెంటు 2009లో దీన్ని చట్టంగా చేసింది. గేట్లు బార్లా తెరవలేదు. అప్పుడు పెట్టిన షరతుల ప్రకారం రోగికి 23 ఏళ్లు నిండాలి, కనీసం 5 ఏళ్లుగా వ్యసనం ఉండాలి, అంతకుముందు 2 చికిత్సలు విఫలమై ఉండాలి. డయామార్ఫిన్ చివరి మెట్టు మాత్రమే. జర్మనీలో నల్లమందు జాతి మత్తులకు బానిసలైనవాళ్లు సుమారు 1,66,000 మంది అని అంచనా. వాళ్లలో దాదాపు 80,000 మంది ప్రత్యామ్నాయ మందు చికిత్సలో ఉన్నారు. వాళ్లలో చాలామంది తీసుకునేది మెథడోనో, బుప్రెనార్ఫినో, అలాంటి మరొకటో. అంటే ఇద్దరిలో ఒకరి పేరు ఏదో ఒక వైద్యుడి రిజిస్టరులో ఉంది.

10 షరతులు

మూడో సంగతి 2019 డిసెంబరులో జరిగింది. కార్ల్స్‌రూహెలో క్రీగ్స్‌స్ట్రాసె అనే పెద్ద రోడ్డు మీద ఒక గది తెరిచారు. ఆవో అనే కార్మిక సంక్షేమ సంఘం దాన్ని నడుపుతుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మొత్తానికి అది మొదటిది. బానిసలైనవాళ్లు బయట తెచ్చుకున్న మత్తును పార్కులోనో, రైల్వే మరుగుదొడ్డిలోనో కాక ఆ గదిలో, సిబ్బంది కళ్ల ముందు తీసుకోవచ్చు.

సిబ్బంది మత్తు ఇవ్వరు, సూది పొడవరు. కొత్త సూది, శుభ్రమైన బల్ల, ఒక కుర్చీ ఇస్తారు. నల్లమందు జాతి మత్తు మోతాదు మించితే మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మాత్రం నెమ్మదిస్తూ పోయి ఆగిపోతుంది. పక్కన మనిషి ఉంటే నిమిషాల్లో ఆక్సిజన్ పెట్టొచ్చు, నలాక్సోన్ ఇవ్వొచ్చు. నలాక్సోన్ ఆ మత్తును మెదడు నుంచి తోసేసి ఊపిరిని తిరిగి నడిపించే మందు. ముక్కులో కొట్టే స్ప్రేగా కూడా దొరుకుతుంది. చావుకీ బతుక్కీ మధ్య ఉన్న తేడా ఇక్కడ పక్కన ఒకరుండటమే.

ఇలాంటి గదులకు జర్మనీ చట్టం 2000లో అనుమతినిస్తూ 10 కనీస షరతులు పెట్టింది. అత్యవసర వైద్యం సిద్ధంగా ఉండాలి, లోపల అమ్మకాలు జరగకూడదు, మానేయాలనుకునేవాళ్లకు దారి చూపాలి, పోలీసులతో, ఇరుగుపొరుగుతో సమన్వయం ఉండాలి. మొదటిసారి రుచి చూద్దామని వచ్చేవాడిని లోపలికి రానివ్వకూడదన్నది కూడా అందులో ఒకటి. ‘ఇది కుర్రాళ్లకు అలవాటు చేయడమే కదా’ అన్న ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు అదే.

కేంద్రం 2000లో ఒప్పుకుంటే కార్ల్స్‌రూహెకు గది రావడానికి ఇంకో 19 ఏళ్లు పట్టింది. రాష్ట్రం ఒప్పుకోవాలి, నగర మండలి ఒప్పుకోవాలి, అన్నిటికన్నా కష్టం, వీధివాళ్లు ఒప్పుకోవాలి. వెర్డర్‌ప్లాట్జ్ అనే కూడలిలో గుమిగూడే తాగుబోతుల గురించీ, మత్తు వాడేవాళ్ల గురించీ అక్కడి జనం ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేశారు. పిల్లలు ఆడుకునేచోట వాడిపడేసిన సూదులు ఎవరికీ వద్దు. ఆ ఫిర్యాదూ న్యాయమే. ఊరు అక్కడ రెండు పనులూ చేసింది. కూడలిలో తాగుడు మీద ఆంక్షలు పెట్టింది, తాగేవాళ్లు కూర్చోవడానికి సామాజిక కార్యకర్తలుండే చోటూ తెరిచింది. పొమ్మన్నప్పుడు ఎక్కడికో కూడా చెప్పింది.

2,137

ఇంత చేసినా జర్మనీలో చావులు ఆగాయా? లేదు. 2012లో మత్తుమందుల వల్ల 944 మంది చనిపోయారు. 2019లో 1,398. 2023లో 2,227. 2024లో కాస్త తగ్గి 2,137. పన్నెండేళ్లలో రెట్టింపు దాటింది. 30 ఏళ్ల లోపువాళ్ల చావులు 2024లో 14 శాతం పెరిగాయి.

‘చూశారా, గదులూ క్లినిక్కులూ దండగ’ అనడానికి ఈ అంకె చాలదు. ‘అవి లేకపోతే ఇంకెంతమంది పోయేవారో’ అని ఊరుకోవడానికీ చాలదు. చనిపోయినవాళ్లలో చాలామంది ఒంట్లో ఒకటి కాదు, మూడు నాలుగు రకాల మత్తులుంటున్నాయి. కొకైన్, క్రాక్ పెరిగాయి. ప్రయోగశాలల్లో పుట్టే కొత్త మత్తులు వచ్చిపడ్డాయి. మెథడోన్ హెరాయిన్‌కి విరుగుడు. కొకైన్‌కి అలాంటి మందు ఇంతవరకు లేదు.

పోలిక కోసం మరో రెండు అంకెలు. అమెరికాలో 2023లో మత్తు మోతాదు మించి చనిపోయినవాళ్లు లక్షా 5 వేల మంది, అంటే లక్ష జనాభాకు 31 మంది. రెండు దేశాల్లో లెక్కకట్టే తీరు ఒకటి కాకపోయినా, జర్మనీలో అది మూడు లోపే. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1991లో ఒక్క ఏడాదిలో 147 మంది చనిపోయారు. 1994లో దేశంలోనే మొదటి గది తెరిచి, మెథడోన్‌నూ వసతినీ పోలీసు పనినీ ఒక తాటి మీదికి తెచ్చాక, అక్కడ ఆ అంకె మళ్లీ అంత ఎత్తుకు పోలేదు.

ఇంకొక మాట. అదే జర్మనీలో మద్యం వల్ల ఏటా పోయేవాళ్లు 40 వేలకు పైనే. చట్టబద్ధమైన మత్తు ముందు నిషిద్ధ మత్తుల పద్దు చిన్నది. ఈ ముక్క మనకూ వర్తిస్తుంది.

20 మందిలో ఒకరు

ఇప్పుడు మన పద్దు చూద్దాం. ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం మద్యం విషయంలో సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది. నల్లమందు జాతి మత్తుల విషయంలో 77 లక్షలు. సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లు 8.5 లక్షలు. వాళ్లు సూదులు పంచుకుంటే హెచ్ఐవీ, హెపటైటిస్-సి వాళ్లతో ఆగవు, ఇంట్లో ఆడవాళ్ల దాకా వస్తాయి.

అదే సర్వేలో అసలు గుచ్చుకునే అంకెలు వేరే ఉన్నాయి. నిషిద్ధ మత్తులకు బానిసలైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందినవాళ్లు 20 మందిలో ఒకరు. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందిలో ఒకరు. ఐక్యరాజ్యసమితి లెక్కలో ప్రపంచ సగటు 12 మందిలో ఒకరు. ఈ కొలతలు ఒక్కలాంటివి కావు కనుక అంగుళాలతో సహా పోల్చకూడదు. కానీ జర్మనీలో ఇద్దరిలో ఒకరికీ, మన 20 మందిలో ఒకరికీ మధ్య దూరం కొలత తేడాతో చెరిగిపోయేది కాదు.

మన మత్తు బొమ్మ కూడా వేరు. తెలంగాణ పల్లెల్లో మత్తంటే చాలాచోట్ల హెరాయిన్ కాదు, కల్లు. ఈతచెట్టు నుంచి దిగిన కల్లు కాదు, నిద్రమాత్రల పొడి అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు. తాగేవాడికి తాను మాత్రలకు బానిసనయ్యానని తెలియదు. రోజూ సాయంత్రం సీసా కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడగానే వణుకు, ఫిట్స్, లేని మనుషులు కనిపించడం లాంటి లక్షణాలతో జనం ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక్కడ ఇంట్లోవాళ్లకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. మద్యాన్నీ, అల్ప్రాజోలం లాంటి మాత్రలనూ ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ‘గదిలో పెట్టి తాళం వేస్తే నాలుగు రోజుల్లో అదే దారికొస్తాడు’ అన్నది అందుకే ప్రమాదకరమైన మాట. వైద్యుడి చేతుల మీదుగా మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

సెక్షన్ 64ఏ

మన చట్టంలో శిక్షలే కాదు, తలుపులూ ఉన్నాయి. ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయికి ‘చిన్న మొత్తం’ అంటే 1 కిలో దాకా, ‘వాణిజ్య మొత్తం’ అంటే 20 కిలోల పైన. హెరాయిన్‌కైతే 5 గ్రాములు, 250 గ్రాములు. గంజాయి తాగినందుకు 6 నెలల దాకా జైలో, 10 వేల రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. అదే చట్టంలో సెక్షన్ 64ఏ అని ఒకటుంది. బానిసైన మనిషి, మత్తు వాడాడన్న కేసో చిన్న మొత్తం కేసో పడ్డా, తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 39 కింద, దోషిగా తేలిన బానిసను కోర్టు జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. జర్మనీవాళ్ల ‘శిక్షకు బదులు చికిత్స’కు ఇవి మన పెరట్లోని తోబుట్టువులే. పోలీస్ స్టేషన్ గోడ మీద శిక్షల పట్టిక పక్కన ఈ రెండు సెక్షన్లు కూడా రాసి ఉంటే, కొడుకును తీసుకుని వచ్చే తల్లికి వణుకు కొంత తగ్గుతుంది.

మందులూ మనకు కొత్త కావు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సూది మత్తు వాడేవాళ్లకు బుప్రెనార్ఫిన్ మాత్రలు ఉచితంగా ఇచ్చే కేంద్రాలను దేశంలో చాలాచోట్ల నడుపుతోంది. సలహా కోసం జాతీయ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. సరుకు గురించి సమాచారం చెప్పడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. మొదటి రెండు నంబర్లు మనిషి కోసం, తర్వాతి రెండు సరుకు కోసం. ఇంట్లో ఈ నాలుగూ తెలిసి ఉండటం మంచిది. కన్నకొడుకు విషయంలో మొదట తిప్పాల్సింది మాత్రం మొదటి రెండే.

డీ అడిక్షన్ సెంటరులో చేర్పించి ఫీజు కట్టగానే పని అయిపోయిందని మనం అనుకుంటాం. ఆరు నెలలకు తిరగబెడితే ‘వీడు మారడు’ అనేస్తాం. బీపీ, షుగరు తిరగబెడితే ఆ మాట అనం, మోతాదు చూడమని మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్తాం. వ్యసనం కూడా అలా నడిచే జబ్బే. కార్ల్స్‌రూహె పాలుపంచుకున్న ప్రయోగం అడిగింది కూడా ‘ఎంతమందిని చేర్చుకున్నారు’ అని కాదు, ‘12 నెలల తర్వాత ఎంతమంది ఇంకా వస్తున్నారు’ అని. 67, 40 అన్న అంకెలు పుట్టింది ఆ ప్రశ్నకే.

నిజామాబాద్ అంత ఊరు ఒకటి తనను తాను ఆ ప్రశ్న వేసుకోగలిగింది. మనం కూడా వేసుకోవచ్చు, ఖర్చు కూడా పెద్దగా కాదు. ఈసారి బల్ల మీద ప్యాకెట్లు పేర్చి కిలోలు చదివినప్పుడు, మైకు పట్టుకున్న విలేకరి ఇంకో రెండు అంకెలు అడిగితే చాలు. ఈ జిల్లాలో కిందటేడు చికిత్సకు వచ్చినవాళ్లు ఎందరు? వాళ్లలో ఈ నెల కూడా వచ్చినవాళ్లు ఎందరు?